పాత జీపు, నేటి పెట్రోలు

మన గ్రామములలో పెట్రోలుతో నడచు పాత జీపులు నేటికిని అక్కడక్కడ గలవు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో విల్లిస్, ఫోర్డు కంపెనీలవారు ఈ బండ్లను ఆరు లక్షలకు పైగా తయారుచేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము వదలివేసిన వానిలో కొన్ని మన దేశమున అమ్ముడుపోయినవి. 1940ల చివరి నుండి మహీంద్రావారు బొంబాయిలో అదే నమూనాను బిగించి విక్రయించుచు వచ్చిరి. వీనిలో పెక్కింటికి తరువాతి యజమానులు డీజిలు ఇంజనులు పెట్టించిరి. పెట్రోలు ఇంజనుతోనే మిగిలినవి తండ్రి నాటి బండియను మమకారము చేతనో, కొత్తది కొనుటకు చేతకాకనో నేటికిని ఇండ్లలో నిలిచియున్నవి. పేడదిబ్బల మీదుగను, బురద డొంకలలోను పోగల బండి అది యొక్కటే యనువారును లేకపోలేదు.

ఇట్టి బండ్లు గల సభ్యులు ఈ రెండు మూడేండ్లలో మాతో ఒకే తీరు మొర పెట్టుకొనుచున్నారు. నెల దినములు కొట్టములో నిలిపిన బండి కదలదు. కదలినను ఎండవేళ యార్డు దారిలో ఆగిపోవును. పావుగంట నీడనుంచిన మరల నడచును. మేస్త్రీ యొద్దకు తీసికొనిపోగా అతడు వెంటనే కార్బ్యురేటరును ఊడదీసి, కడిగి, బిగించి పంపును. వారము తిరుగకమునుపే అదే కథ. మూడవసారికి కొత్త కార్బ్యురేటరు కొనవలెనని చెప్పును. వేలకు వేలు పోసి కొన్న పిమ్మట కూడ రోగము కుదరని బండ్లను మేమెరుగుదుము. ఏలయన రోగము అనేక పర్యాయములు కార్బ్యురేటరులో ఉండదు. అచ్చటికి పెట్రోలు వచ్చు త్రోవలో ఉండును, లేదా ఆ పెట్రోలులోనే ఉండును. ఈ రెంటిని గూర్చి కొంత విపులముగా వ్రాయనెంచితిమి.

కార్బ్యురేటరు పని రైతునకు తెలియనిది కాదు. పొలమునకు నీరు వదలు తొట్టియొకటి ఉన్నదనుకొనుడు. తొట్టి నిండగానే పైకి తేలిన బెండు నీటిదారిని మూసివేయును; మట్టము తగ్గగానే బెండు దిగి దారి తెరచును. కార్బ్యురేటరులో ఆ తొట్టియే ఫ్లోటు గిన్నె. బెండు స్థానమున ఇత్తడి ఫ్లోటును, తూము స్థానమున సూదివాల్వును ఉండును. ఈ గిన్నెలోని పెట్రోలును జెట్టులనెడి సన్నని రంధ్రముల గుండ గాలి పీల్చుకొనిపోవును. ఇంజను పీల్చు గాలి ఇరుకైన గొంతు గుండ పోవునపుడు దాని వేగము హెచ్చి, ఒత్తిడి తగ్గును. అందుచేత పెట్రోలు తనంతట పైకి వచ్చి తుంపరయై గాలిలో కలియును. శుద్ధ పెట్రోలు పూర్తిగా మండుటకు ఒక పాలు పెట్రోలునకు బరువున 14.7 పాళ్లు గాలి కావలెను. జెట్టు రంధ్రములు ఈ లెక్కకు సరిపడునట్లే తొలువబడినవి. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

పరీక్ష మొదలుపెట్టక పూర్వము ఒక హెచ్చరిక. బండి ఆగినపుడు డ్రైవరు మూత తీసి, కార్బ్యురేటరు గొంతులో సీసాతో పెట్రోలు పోయుచుండగా మరియొకడు స్టార్టరు త్రిప్పుట మన ప్రాంతములలో పరిపాటి. ఇంజను వెనుకకు దగ్గినచో మంట ఆ గొంతు గుండనే పైకి లేచి సీసాకు అంటుకొనును. సీసా పట్టినవాని చేయి, మొగము కాలిన తరువాత బండి నడచినను లాభమేమి? ఈ పని ఎన్నడును చేయరాదు. పెట్రోలు గొట్టము విప్పునపుడు దరిదాపుల బీడీ గాని, పొయ్యి గాని ఉండరాదు. ఇంజను చల్లారిన పిమ్మటనే విప్పవలెను. ఒక బొక్కెన ఇసుక దగ్గర నుంచుకొనవలెను. కొట్టము లోపల గాక ఆరుబయట ఈ పని జరుగవలెను.

మొదట చూడవలసినది పెట్రోలు కాదు, నిప్పురవ్వ. వేడెక్కిన కాయిలు గాని, చెడిన కండెన్సరు గాని సరిగా పెట్రోలు అందనట్లే బండిని ఆపివేయును. చల్లారగానే మరల పనిచేయును. కావున బండి ఆగిన ఆ క్షణముననే, గొట్టములు వేటిని విప్పకమునుపే, ఒక ప్లగ్గును తీసి దాని తీగకు తగిలించి, ఇంజను ఇనుమునకు ఆనించి త్రిప్పి చూడవలెను. ప్లగ్గు తీసిన రంధ్రమునకు దూరముగా నుంచవలెను, దానినుండి పెట్రోలు ఆవిరి వచ్చును గనుక. నీలిరంగు రవ్వ గట్టిగా వచ్చినచో ఆ భాగము బాగుగనే యున్నది. రవ్వ ఎర్రగా, పలుచగా ఉన్నచో కార్బ్యురేటరు జోలికి పోవుట వృథా. చల్లారిన తరువాత చేసిన పరీక్ష ఏమియు తేల్చదు. ఆగినపుడు చేసినదే పరీక్ష.

రవ్వ బాగున్నచో పెట్రోలు కార్బ్యురేటరు వరకు వచ్చుచున్నదో లేదో చూడవలెను. కాయిలు తీగను ఊడదీసి, కార్బ్యురేటరు వద్ద గొట్టము విప్పి, దాని కొనను ఒక సీసాలో పెట్టి, ఇంజనును హ్యాండిలుతో త్రిప్పవలెను. జీపు పెట్రోలు పంపు ఇంజనులోని క్యాము చేత నడచును గనుక ఇంజను రెండు చుట్లు తిరిగినపుడెల్ల ఒక్కొక్క చిమ్ము చిమ్మవలెను. చిమ్ము బలముగా, బుడగలు లేక వచ్చినచో పంపునకు వెనుక నున్నదంతయు క్షేమమే. చిమ్ము లేకున్నను, నురుగు వచ్చినను వెనుకకు వెదకుచు పోవలెను. ఈ ఒక్క పరీక్ష చేయక కార్బ్యురేటరును విప్పు మేస్త్రీ పని తెలిసినవాడని మేము తలంపము.

వెనుకకు పోవునపుడు అన్నిటికంటె ముందు చూడవలసినది, ఖర్చు లేనిది, ట్యాంకు మూత. ట్యాంకులో పెట్రోలు తగ్గినకొలది దాని స్థానమున గాలి లోనికి పోవలెను. మూత లోని గాలిరంధ్రము దుమ్ముతో పూడినచో లోపల శూన్యమేర్పడి పంపు ఎంత లాగినను పెట్రోలు రాదు. బండి ఆగిన వెంటనే మూతను వదులు చేసి చూడుడు. బుస్సుమని గాలి లోనికి పోయి, బండి మరల కదలినచో రోగము తేలినట్లే. పిమ్మట ట్యాంకు అడుగు చూడవలెను. సీటు క్రింద నుండు ఈ ట్యాంకు డెబ్బదియేండ్లలో ఎంత తుప్పు పట్టియుండునో ఊహింపవచ్చును. ట్యాంకు నుండి పంపునకు వచ్చు గొట్టములో చిన్న బెజ్జమున్నచో పెట్రోలు బయటకు కారదు, గాలి లోనికి పోవును; ఏలయన ఆ భాగమున పంపు పీల్చుచున్నది. బొట్టు పడదు గనుక కంటికి కనబడదు. అందుచేతనే ఈ లోపము అందరిని మోసగించును. అనేక జీపులలో పంపు మీద గాజు గిన్నె యుండును. దాని బెండు వాషరు ఎండి చిట్లినచో అచ్చటను ఇట్లే గాలి చేరును. ఇంజను నడచుచుండగా ఆ గాజులో బుడగలు ఎడతెగక కనిపించినచో ఆ వాషరునో, వెనుకటి గొట్టమునో అనుమానింపవలెను.

పంపు లోపల వస్త్రముతో కూడిన రబ్బరు పొర యొకటి క్రిందికి మీదికి ఆడుచుండును. ఇది చిరిగినచో పెట్రోలు పైకి పోవుటకు బదులు ఇంజను నూనెలోనికి దిగును. నూనె కొలబద్దను తీసి వాసన చూడుడు. పెట్రోలు వాసన వచ్చినను, నూనె మట్టము పోయకుండగనే పెరిగినను ఇక బండిని ఒక్క మైలును నడపరాదు. పలుచబడిన నూనెతో బేరింగులు నాశనమగును. పొరను మార్చి, నూనెను పూర్తిగా మార్చిన పిమ్మటనే నడపవలెను.

చైత్ర వైశాఖముల ఎండలలో ఆగు బండ్ల సంగతి వేరు. పెట్రోలు గొట్టము పొగగొట్టమునకు చేరువగా పోవుచోట పెట్రోలు మరిగి ఆవిరియగును. పంపు ద్రవమును తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. తడిగుడ్డను పంపు మీదను, గొట్టము మీదను కప్పి పది నిమిషములాగిన బండి నడచినచో ఇదియే కారణము. గొట్టమును పొగగొట్టమునకు దూరముగా మరలించుట, నడుమ ఒక రేకు అడ్డముంచుట, ఇవి శాశ్వతమైన మందులు. తడిగుడ్డ ఆ పూటకు మాత్రమే.

పెట్రోలు చక్కగా వచ్చుచున్నదని తేలిన తరువాత కార్బ్యురేటరును తలపవలెను. నల్లని పొగ వచ్చి, ప్లగ్గులు మసిపట్టి, కార్బ్యురేటరు నుండి పెట్రోలు కారుచున్నచో గిన్నె పొంగుచున్నదన్నమాట. సూదివాల్వు కూర్చుండుచోట ఇసుక రేణువైనను చిక్కియుండవచ్చును, సూది కొన అరిగియుండవచ్చును, లేదా ఫ్లోటునకు చిల్లు పడి అది మునిగియుండవచ్చును. ఫ్లోటును చెవి వద్ద ఊపి చూచిన లోపల పెట్రోలు కదలు శబ్దము వినవచ్చును. వేడినీటిలో ముంచిన చిల్లు నుండి బుడగలు వచ్చును. లోపల పెట్రోలున్న ఫ్లోటునకు టంకము వేయబూనుట ప్రాణాపాయము, అది పేలును. కొత్త ఫ్లోటు వెల అంత యెక్కువ కాదు.

ప్లగ్గులు తెల్లబడి, ఇంజను కార్బ్యురేటరు గుండ దగ్గుచు, ఎత్తు ఎక్కలేకున్నచో దానికి పెట్రోలు తక్కువయగుచున్నది. ఛోకును కొంచెము లాగి చూడుడు. లాగగానే ఇంజను నెమ్మదించి బలము పుంజుకొన్నచో మిశ్రమము పలుచగా నున్నదనుటకు అదియే సాక్ష్యము. జెట్టు పూడియుండవచ్చును, లేదా కార్బ్యురేటరు అడుగు గాస్కెట్టు వద్ద గాలి దొంగతనముగా చేరుచుండవచ్చును. నిలిపియుంచినపుడు ఆరిపోవుచు, వేగమున చక్కగా నడచు బండికి చిన్న జెట్టు పూడినదని తలంపవచ్చును. యాక్సిలరేటరు త్రొక్కగానే ఒక క్షణము తూలి పిదప పోవు బండికి కార్బ్యురేటరులోని చిన్న తోపుడు పంపు ఎండినది. జెట్టులను ఇనుప తీగతో పొడుచు మేస్త్రీలున్నారు. వారిచేత పని చేయించుకొనవద్దని మా మనవి. వెంట్రుకవాసి పెరిగిన రంధ్రము మరల తగ్గదు. కార్బ్యురేటరు క్లీనరులో నానవేసి, సైకిలు పంపు గాలితో ఊదిన చాలును.

ఇంతవరకు వ్రాసినది యాబదియేండ్ల క్రిందట వ్రాసినను ఇట్లే యుండెడిది. అయినను ఈ రెండు మూడేండ్లలో మొరలేల హెచ్చినవి? దీనికి సమాధానము మన చెరకు తోటలలోను, మొక్కజొన్న చేలలోను ఉన్నది.

పెట్రోలులో మద్యసారము కలుపుట కొత్త ఊహ కాదు. 1948లోనే భారత ప్రభుత్వము పవర్ ఆల్కహాలు చట్టమును చేసినది. అది 2000లో రద్దయినది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌తో కూడ తొమ్మిది రాష్ట్రములలో నూటికి 5 పాళ్లు ఇథనాలు కలుప నారంభించిరి. 2022 జూను నాటికి 10 పాళ్లకు చేరినది. 2023 ఫిబ్రవరిలో 20 పాళ్ల మిశ్రమము అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతటను అదియే సాధారణమైనది. కొత్త బండ్లను ఈ మిశ్రమమునకు తగినట్లు చేయుచున్నారు. మన జీపును తయారుచేసినవారు దీనిని కలలోనైనను ఎరుగరు.

ఇథనాలు పాత రబ్బరును ఉబ్బించి మెత్తపరచును. గొట్టము పైకి నల్లగా, దిట్టముగా కనిపించుచుండగనే లోపలి పొర ఊడి త్రోవకు అడ్డుపడును. పంపు పొర, సూదికొన, వాషరులు ఇట్లే చెడును. 2025 ఆగస్టులో పెట్రోలియము మంత్రిత్వశాఖ కూడ కొన్ని పాత బండ్లలో 20,000 మొదలు 30,000 కిలోమీటర్లు నడచిన పిమ్మట రబ్బరు భాగములు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని చెప్పియున్నది. అది కొంత నవీనమైన బండ్లను తలచి చెప్పిన మాట. డెబ్బదియేండ్ల రబ్బరునకు అంత గడువు ఉండదని మా అభిప్రాయము. ఇథనాలునకు మురికిని కరగించు గుణమును కలదు. ట్యాంకులో ఏండ్ల తరబడి పేరుకొన్న బంకను, తుప్పును అది కదలించి త్రోవలోనికి తెచ్చును. కావుననే కడిగిన కార్బ్యురేటరు వారములో మరల పూడుచున్నది. కడుగవలసినది ట్యాంకును.

నీటి విషయము మరింత ముఖ్యము. పూర్వము పెట్రోలులో నీరు చేరినచో అడుగునకు దిగి గాజు గిన్నెలో ముత్యములవలె కనిపించెడిది. ఇథనాలు నీటిని తనలో కలుపుకొనును. కొద్దిపాటి తేమ అట్లు ఇంజనులోనికి పోయి మండిపోవుట మేలే. కాని దానికొక హద్దు కలదు. 10 పాళ్ల మిశ్రమము చలిలో, అనగా 15 డిగ్రీల వేడిమి వద్ద, నూటికి సుమారు అర పాలు నీటిని మాత్రమే ఇముడ్చుకొనగలదు. 20 పాళ్లది కొంత యెక్కువ. హద్దు దాటగానే నీరును ఇథనాలును కలిసి విడిపోయి ట్యాంకు అడుగున పొరగా చేరును. పీల్చు గొట్టము అడుగుననే యున్నది గదా! అప్పుడు ఇంజనునకు అందునది పెట్రోలు కాదు. ఆ పొర ట్యాంకు ఇనుమును, కార్బ్యురేటరు తెల్లలోహమును తినివేయును. గిన్నె అడుగున తెల్లని సున్నమువంటి పొడి కనిపించినచో ఇదియే కారణమని గ్రహింపవలెను. వానకాలములో రెండు మూడు నెలలు సగము ట్యాంకుతో నిలిచిన బండికి ఈ అపాయమెక్కువ.

ఇక ముందు చెప్పిన సంఖ్య. ఇథనాలు మండుటకు ఒక పాలునకు 9 పాళ్ల గాలి చాలును. 20 పాళ్లు కలిసిన మిశ్రమమునకు సుమారు 13.5 పాళ్లు కావలెను. అనగా పాత జెట్టు గుండ వచ్చు ఇంధనము గాలికి నూటికి ఎనిమిది పాళ్లు తక్కువ పడును. కొత్త బండ్లలో యంత్రమే దీనిని కనిపెట్టి సరిదిద్దుకొనును; కార్బ్యురేటరునకు ఆ తెలివి లేదు. ఇంజను వేడెక్కుట, దగ్గుట, ఉదయము త్వరగా అందుకొనకుండుట దీని ఫలితములు. సోలెక్సు కార్బ్యురేటరు గల బండ్లలో ప్రధాన జెట్టు మీది అంకె రంధ్రపు వ్యాసమును మిల్లీమీటరులో నూరవ వంతులుగా తెలుపును. 120 అంకె యున్నచోట 125 వేసిన లోటు ఇంచుమించు తీరును. విల్లిస్ జీపుల కార్టరు కార్బ్యురేటరులో జెట్టులో ఆడు కడ్డీ యొకటి యుండుటచేత ఈ పని అనుభవజ్ఞునకే వదలవలెను. ఏ మార్పు చేసినను పిమ్మట ప్లగ్గు రంగును చూచుచుండవలెను. లేత గోధుమరంగు వచ్చినచో సరిపోయినది.

బంకులో పోయించినది ఎట్టిదో తెలిసికొనుటకు ఇంటనే చేయదగిన పరీక్ష కలదు. గీతలు గల గాజు గొట్టములో 100 మిల్లీలీటరుల పెట్రోలు, 20 మిల్లీలీటరుల నీరు పోసి, బాగుగ కలిపి పావుగంట నిలుపుడు. ఇథనాలు నీటిలోనికి దిగును. క్రింది పొర 20 నుండి 40కి చేరువైనచో పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్లున్నదన్నమాట.

ఇదంతయు చదివి ఇథనాలును తిట్టువారుందురు. మేము వారిలో చేరము. ఒక టన్ను చెరకు రసము నుండి సుమారు 70 లీటర్లును, ఒక టన్ను మొక్కజొన్న నుండి సుమారు 380 లీటర్లును ఇథనాలు వచ్చును. 40 లీటర్ల ట్యాంకు నింపినచో అందు 8 లీటర్ల ఇథనాలుండును. అది 21 కిలోల మొక్కజొన్నకో, 115 కిలోల చెరకునకో సమానము. రైతు పంటకు ఇట్లు మరియొక కొనుగోలుదారు ఏర్పడుట మంచిదే. కాని ఆ మార్పు వలన పాత యంత్రమునకు కలుగు ఖర్చు యజమానిదే యగుచున్నది, దానిని గూర్చి ఎవరును అతనికి ముందుగా చెప్పలేదు. సంఘములు ఎరువులు, విత్తనములు ఉంచు గిడ్డంగిలోనే ఇథనాలునకు తట్టుకొను గొట్టము, వైటాన్ కొన గల సూదివాల్వులు, పంపు పొరలు, వాషరులు కొంత సరకుగా ఉంచినచో సభ్యుడు పట్టణమునకు పరుగెత్తి నకిలీ వస్తువు కొనవలసిన పని యుండదు. గొట్టము కొనునపుడు దాని మీద ఎస్.ఏ.ఇ. 30 ఆర్ 9 అను గుర్తు అచ్చుపడియున్నదేమో చూడవలెను. నీటిగొట్టమును, గ్యాసు గొట్టమును పెట్రోలునకు వాడరాదు.

జీపు లేనివారికి ఇందులో పని లేదనుకొనరాదు. పెట్రోలుతో నడచు మందు చల్లు యంత్రములలోను, గడ్డి కోయు యంత్రములలోను, చిన్న నీటి పంపులలోను కార్బ్యురేటరు ఉన్నది. వాని జెట్టు జీపు జెట్టు కంటె చాల సన్నము, అందుచేత మరింత త్వరగా పూడును. పురుగుమందు చల్లు యంత్రమును ఖరీఫు ముగియగానే అటక మీదికి ఎక్కించి, మరుసటి సీజను మొదట దింపి, త్రాడు లాగి లాగి భుజము నొప్పి తెచ్చుకొనుట మనకు వాడుక. పెట్టునపుడు ట్యాంకు పూర్తిగా వంచి ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆరిపోవువరకు నడిపి, గిన్నెలో చుక్క లేకుండ చేయవలెను. నూనె కలిపిన పెట్రోలును డబ్బాలో నెలకు మించి నిలువ చేయరాదు. ఏ పూటకు కావలసినది ఆ పూట కలుపుకొనుట మేలు. జీపును నిలుపువారు ట్యాంకును ఖాళీయైనను చేయవలెను, లేదా తేమ గాలికి చోటు లేకుండ నిండుగనైనను ఉంచవలెను. సగము మాత్రము ఉంచరాదు. నిండుగ నుంచినచో పదునైదు దినములకొకసారి పావుగంట నడిపి, పిమ్మట పంపు వద్ద గొట్టము విప్పి, కార్బ్యురేటరు గిన్నె ఖాళీయగువరకు ఇంజనును వదలవలెను. విప్పిన కొనను ఒక చెక్క బిరడాతో మూయుట మరువరాదు.